గంపెడు ఫ్యూజులు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, వానాకాలం. అప్పుడు నేను అండమాన్‌లోని ఒక చిన్న దీవిలో, డీజిల్ పవర్‌హౌస్‌లో స్విచ్‌బోర్డు ఆపరేటర్‌ని. మా ఇల్లు పోర్ట్ బ్లెయిర్‌లో, గోల్ ఘర్ దగ్గర. ఉద్యోగం మాత్రం పొద్దున్నే ఫీనిక్స్ బేలో పడవెక్కితే మధ్యాహ్నం దాటాక చేరే దీవిలో. ఆ దీవి పేరు రాయను. ఇందులో వచ్చే మనుషుల పేర్లు కూడా మార్చాను. రేపు మళ్లీ అందరం అదే జెట్టీ మీద ఎదురుపడాలి కదా.

స్విచ్‌బోర్డు ఆపరేటర్ అంటే ఏం చేస్తారని చాలామంది అడుగుతారు. ఇంజను తిప్పడం మెకానిక్ పని. ఆ ఇంజను పుట్టించిన కరెంటును ఏ ఫీడర్‌లోకి ఎప్పుడు వదలాలో చూసుకోవడం మా పని. ఫీడర్ అంటే పవర్‌హౌస్ నుంచి ఊళ్లలోకి పోయే పెద్ద లైను. ఇచ్చేదీ నేనే, తీసేదీ నేనే. ఇచ్చినప్పుడు ఎవరికీ గుర్తురాను. తీసినప్పుడు మాత్రం నాతోపాటు మా ఇంటి పెద్దలందరినీ తలుచుకుంటారు.

మెయిన్‌లాండ్‌లో కరెంటు ఎక్కడో పుట్టి ఎక్కడెక్కడో తిరిగి ఇంటికొస్తుంది. ఒకచోట ఆగితే ఇంకోచోటి నుంచి తెచ్చుకుంటారు. దీవుల్లో ఆ వెసులుబాటు లేదు. ఏ దీవి కరెంటు ఆ దీవే పుట్టించుకోవాలి. డీజిల్ ఓడలో రావాలి. ఇంజనులో ఏదైనా విరిగితే ఆ ముక్కా ఓడలోనే రావాలి. దాన్ని బిగించడం తెలిసినవాడు సెలవు మీద వెళ్తే అతనూ ఓడలోనే రావాలి. సముద్రం అలిగిందంటే ఈ మూడూ అవతలి ఒడ్డునే కూర్చుంటాయి.

మా దగ్గర నాలుగు ఇంజన్లు ఉండేవి. కాగితం మీద నాలుగూ ఉన్నట్టే. నిజానికి ఒకటి విప్పేసి ఉంది, ఒకటి స్పేర్ పార్టు కోసం ఎదురుచూస్తోంది, ఇంకోదాని భాగాలు సగం పీకి మిగతావాటికి వాడేశాం. తిరిగేది ఒక్కటే. దానికీ జబ్బే. దాని గవర్నర్ మందగించింది. గవర్నర్ అంటే లోడు పెరిగితే డీజిల్ ఎక్కువ వదిలి, తగ్గితే తగ్గించి, ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచే భాగం. మా దానికి ఏ విషయమైనా ఆలస్యంగా అర్థమయ్యేది. ఒక్కసారిగా బరువు పడితే కుంగిపోయేది. ఆ బరువు ఒక్కసారిగా తప్పిపోతే అదుపు లేకుండా పరుగెత్తి, ఆ వేగానికి తనంతట తనే ఆగిపోయేది.

ఈ ఇంజన్ల బాగోగులు బిశ్వాస్ దాదా చూసేవాడు. బెంగాలీ సెట్లర్ల కుటుంబం, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. లైన్‌మన్ కృష్ణారావు మా తెలుగువాడే, జాలరి కాలనీలో పుట్టి పెరిగినవాడు. కాంట్రాక్టు ఉద్యోగం. మా జూనియర్ ఇంజనీరు మీటింగుకని పోర్ట్ బ్లెయిర్ వెళ్లి, వాయుగుండం పట్టడంతో అక్కడే చిక్కుకున్నాడు. పడవలన్నీ రద్దయ్యాయి. కాబట్టి దీవి కరెంటంతా మా ముగ్గురి నెత్తిన పడింది.

ఒకరోజు సాయంత్రం గాలికి చెట్టు కూలి మెయిన్ లైను తెగింది. ఊరంతా చీకటి. కృష్ణారావు, అతని మనుషులు వానలో తడుస్తూ మర్నాడు మధ్యాహ్నానికి లైను సరిచేశారు. దాదా ఇంజను స్టార్ట్ చేశాడు, నేను ఫీడర్ బ్రేకర్ వేశాను. బ్రేకర్ అంటే కరెంటుకు గుమ్మం లాంటి పెద్ద స్విచ్చి. వేసీ వేయగానే ఇంజను మూలిగింది, బ్రేకర్ పడిపోయింది, ఇంజను పరుగెత్తి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించాం. మళ్లీ అదే.

కారణం మాకు తెలుసు. మా దీవిలో ఒక అలవాటు ఉంది. కరెంటు పోతే జనం లైట్లు ఆపుతారేమో గానీ నీళ్ల మోటారు స్విచ్చి మాత్రం ఆన్‌లోనే వదిలేస్తారు. ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు. వచ్చేటప్పటికి ఇంట్లో ఉంటామో, వేటలో ఉంటామో. వచ్చిన ఆ కాసేపట్లో ట్యాంకు నిండాలి. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. మా మీద నమ్మకం పోయి నేర్చుకున్న తెలివి అది. కాకపోతే ఊరు ఊరంతా ఒకే తెలివి చూపిస్తే, బ్రేకర్ వేసిన క్షణంలో మోటార్లూ ఫ్రిజ్‌లూ ఐస్ ఫ్యాక్టరీ అన్నీ ఒక్కసారే ఇంజను మీద పడతాయి. మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ ముసలి ఇంజను దాన్ని మోయలేదు.

రెండోసారి ఆగాక దాదా ఎయిర్ బాటిల్ దగ్గరికి వెళ్లి గేజి చూసి, తల గోక్కున్నాడు. ఇలాంటి ఇంజన్లకు తాళం ఉండదు. పెద్ద ఇనప సీసాలో గాలిని ఒత్తి నింపి, ఆ గాలిని ఒక్కసారిగా వదిలి ఇంజనును కదిలిస్తాం. ఆ సీసాను నింపే కంప్రెసర్ నాలుగు రోజుల ముందే చెడిపోయింది. దాని స్పేరు వచ్చే ఓడలో ఉంది.

"రమణా, హవా ఏక్ బార్ కా హై," అన్నాడు దాదా. ఇంకొక్కసారికే గాలి ఉందని. "మళ్లీ ట్రిప్ అయి ఆగిందంటే ఓడ వచ్చేదాకా అంధేరా హీ అంధేరా."

సరే, తొందరపడొద్దు, సముద్రం తగ్గేదాకా ఆగుదాం అనుకున్నాం. చీకట్లో ఉండటం మా దీవికి కొత్తేమీ కాదు. టీ పెట్టుకుందామని స్టవ్ అంటించేసరికి, ఆస్పత్రి సిస్టర్ లిస్సీ గేటు దగ్గర సైకిలు పడేసి పరుగెత్తుకొచ్చింది. ఫోన్లు పనిచేయడం లేదు. సెల్ టవర్ బ్యాటరీ పొద్దుటే చచ్చిపోయింది.

ఆవిడ హిందీలో ఒక్క గుక్కలో చెప్పింది. న్యుమోనియాతో చేరిన మంగమ్మకు ఆక్సిజన్ పడిపోతోంది. గాలి నుంచి ఆక్సిజన్ తీసే మిషను కరెంటు లేక ఆగిపోయింది. ఆస్పత్రి జనరేటర్ ఎప్పటి నుంచో మూలపడి ఉంది. టెంట్ సామాన్లు అద్దెకిచ్చే ఆయన తన చిన్న జనరేటర్ తెచ్చి పొద్దుటి నుంచి నడిపాడు, అదీ పొగ కక్కి ఆగింది. మిగిలింది ఒక్క సిలిండరు.

"అది ఎంతసేపు వస్తుంది?" అన్నాను.

"దీపాలు పెట్టేవేళ దాకా. ఆ తర్వాత నేనేం చేయలేను దీదీ. హెలికాప్టర్ ఈ గాలిలో రాదని ఫోన్లు పోకముందే చెప్పేశారు."

మంగమ్మ బజారులో చేపలమ్మే మనిషి. నాకు దీవిలో మొదట పరిచయమైన మనిషి కూడా ఆవిడే. కొత్తగా వచ్చిన రోజుల్లో, చేపలు కోయడం చేతకాక నేను పడే తిప్పలు చూసి, ఇంట్లోకొచ్చి నా చేతిలోంచి కత్తి లాక్కుని కోసిచ్చి వెళ్లింది. ఆవిడ ఊపిరి ఇప్పుడు మా సీసాలో మిగిలిన గాలి మీద ఆధారపడింది.

"ఆస్పత్రి ఒక్కదానికే ఇచ్చేద్దాం," అంది సిస్టర్. బయటివాళ్లకు అది చిన్న విషయం. కృష్ణారావు తల అడ్డంగా ఊపాడు.

"మిగతా ఊర్ల ట్రాన్స్‌ఫార్మర్లు నాను స్తంభమెక్కి విడదీసేస్తాను దీదీ. ఆస్పత్రికీ మా కాలనీకీ మాత్రం లైను ఒకటే. కాలనీ ఈది పొడుగునా పోయి, ఆకరి స్తంభం కాడ ఆస్పత్రిలో దిగతది. కాలనీకి ఇవ్వకుండా ఆస్పత్రికి ఎలాగిత్తాం?"

ఆస్పత్రికి వేరే లైను కావాలని మేం అడగని ఏడు లేదు. ఒకసారి తీగ వచ్చింది, స్తంభాలు రాలేదు. స్తంభాలు వచ్చేసరికి తీగ ఇంకో దీవికి వెళ్లిపోయింది. దాదా ఆ కథంతా ఎత్తుకున్నాడు. కృష్ణారావు తన జీతం ఆగిపోయిన సంగతీ, చిరిగిన గ్లౌజుల సంగతీ అందుకున్నాడు. బడి కప్పు మీద సోలార్ పలకలున్నాయి కదా, వాటితో నడపలేరా అని సిస్టర్ అడిగింది. లైనులో కరెంటుంటేనే అవీ పనిచేస్తాయి, లేకపోతే ఎండలో పడుకుంటాయి, బ్యాటరీలు పెట్టలేదు అని చెప్పేసరికి ఆవిడకు మతిపోయింది. ఆ రోజు ఎండా లేదనుకోండి. అందరి గొంతులూ పెరిగాయి. మా సమస్యలన్నీ నిజమే, కానీ వాటిల్లో ఏదీ సాయంత్రంలోగా తీరేది కాదు. నాకు ఒళ్లు మండింది.

"ఈ పాట తర్వాత పాడుకుందాం," అన్నాను. "కాలనీలో అన్ని ఇళ్లూ మెయిన్ ఆపేస్తే ఇంజను మోస్తుందా, మోయదా? అది చెప్పు దాదా."

"ఐస్ ఫ్యాక్టరీ కూడా ఆపితే మోస్తుంది. ఒక్క పది మోటార్లు ఆన్‌లో ఉన్నా మోయదు."

కృష్ణారావును ఒక్కణ్నే పంపితే కాలనీ వినదు. దానికో చరిత్ర ఉంది. అంతకుముందు వేసవిలో, లోడు ఎక్కువైందని ఇలాగే మోటార్లు ఆపమని అతని చేతే చెప్పించారు. వాళ్లు ఆపారు. ఆ సాయంత్రం కాలనీ ఉక్కపోతలో కూర్చుంటే గెస్ట్‌హౌస్‌లో మాత్రం ఏసీలు తిరిగాయి. అప్పటి నుంచీ సొంత కాలనీలోనే అతని మాటకు విలువ లేకుండా పోయింది. ఇంజను ఎలాగూ ఆగే ఉంది కాబట్టి బోర్డు దాదాకు అప్పజెప్పి, కృష్ణారావు స్కూటరెక్కాను. దారిలో అతను స్తంభాలెక్కి మిగతా ఊళ్ల ట్రాన్స్‌ఫార్మర్లు విడదీస్తుంటే, కింద నిలబడి ఆకాశం ఎంత నల్లబడుతోందా అని చూస్తూ ఉన్నాను.

వేట లేక మగవాళ్లూ, అమ్మడానికి చేపలు లేక ఆడవాళ్లూ అందరూ వలల షెడ్డులోనే ఉన్నారు. మమ్మల్ని చూడగానే ఒకేసారి లేచారు.

"లైట్ కబ్ ఆయేగా దీదీ? నిన్నటికాడ్నుంచి తాగడానికి నీల్లు లేవు."

విషయం చెప్పాను. మంగమ్మ పేరు వినగానే కొందరు తలలు దించుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం, "మా ఇంటిదెంత అమ్మా, అర హెచ్‌పీ మోటారు. మా ఒక్కదాని వల్లా మీ ఇంజను పడిపోతాది?" అంది. పక్కావిడ కూడా అదే అంది. ఆ పక్కావిడా అదే. ప్రతి ఇంటికీ తనది ఒక్కటే. ఆ ఒక్కట్లన్నీ కలిపి నా బ్రేకర్ మీద పడతాయని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఐస్ ఫ్యాక్టరీ చిన్నారావు ముందుకొచ్చాడు. "నాను ఆపుతాను. సరుకు పాడైపోయినా ఆపుతాను. కానీ నాను ఆపినాక వీళ్లు ఆపుతారని గేరంటీ ఏటి? వీళ్లు టేంకులు నింపుకుంటే నా ఐసు కరిగిపోవాలా?"

"నీ ఫేక్టరీ ఆపుతావని మాకు గేరంటీ ఏటి?" అని ఇంకొకడు అరిచాడు. "మేం ఆపినాక ఆ గెస్ట్‌హౌసోళ్లకి ఇత్తారు. పోయినసారి సూడలేదా?"

"ఈసారి అలా జరగదు," అన్నాను.

"పోయినసారీ అలాగే అన్నారు."

అరుపులు పెరిగాయి. ఎవరో కృష్ణారావు కాలర్ పట్టుకున్నారు. అక్కడ ఒక్కో క్షణం సిలిండరులోంచి పోతోందని నాకు తెలుస్తోంది గానీ, ఆ గొడవలో నా గొంతు నాకే వినపడలేదు.

అప్పుడు నూకాలమ్మ లేచింది. మంగమ్మకు స్వయానా ఆడపడుచు. ఇద్దరికీ పడదని కాలనీలో అందరికీ తెలుసు. బజారులో పక్కపక్కనే కూర్చుని చేపలమ్ముతూ, ఏళ్ల తరబడి మాట్లాడుకోని మనుషులు. ఆవిడ మూలనున్న చేపల గంప తీసి షెడ్డు మధ్యలో దబ్బున పడేసింది.

"మాటలొద్దు. మాటలు నమ్మీది ఎవులు? వాటాలకాడ ఏటి సేత్తాం? గుర్తులెయ్యరా? అలాగే ఎయ్యండి. ఇంటింటికీ ఫీజు పీకి అట్టుకొచ్చి ఈ గంపలో ఎయ్యండి. ఎవులేసినారో ఎవులెయ్యలేదో కల్లతో సూసుకుందురు."

వాటాల సంగతి చెప్పాలి. కలిసి వేటాడిన చేపను కుప్పలు పోసినప్పుడు, ఏ కుప్ప ఎవరిదో తగువు రాకుండా ఒక్కొక్కరూ ఒక్కో గుర్తు ఇస్తారు. ఒకరు గవ్వ, ఒకరు బీడీ ముక్క, ఒకరు పుల్ల. కుప్పల వైపు చూడని మనిషి ఒకరు ఆ గుర్తులు తీసి ఒక్కో కుప్ప మీద ఒక్కోటి పెడతారు. ఇక ఎవరూ నోరెత్తరు. నోటి మాటకు లేని విలువ ఆ గుర్తుకు ఉంటుంది. ఇక నూకాలమ్మ అడిగిన ఫ్యూజు అంటే, ఇంటి మెయిన్ బోర్డులో ఉండే తెల్ల పింగాణీ కట్‌ఔట్. చేత్తో పట్టి లాగితే ఊడి వస్తుంది. అది లేకపోతే ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలగదు. ఇంతకన్నా గట్టి హామీ ఏ ఇంజనీరూ ఇవ్వలేడు.

మొదటి ఫ్యూజు నూకాలమ్మదే. గుర్తుగా తన జడలోని రబ్బరు బ్యాండు చుట్టి వేసింది. చిన్నారావు వెళ్లి ఫ్యాక్టరీ ఫ్యూజులు మూడూ తెచ్చి అందరికీ చూపించి మరీ వేశాడు. తర్వాత ఇక చెప్పక్కర్లేదు. ఎర్ర దారం కట్టినవి, గోళ్లరంగు పూసినవి, పసుపు రాసినవి, పాత వల ముక్క చుట్టినవి వచ్చి పడ్డాయి. వేయని ఇంటి ముందు ఇద్దరు ఆడవాళ్లు వెళ్లి నిలబడితే చాలు, ఆ ఇంటిదీ వచ్చేసేది. ఈ ఇల్లు వేసిందా, ఆ ఇల్లు వేసిందా అని గంప చుట్టూ మూగి లెక్కచూసుకున్నారు. వానలో గంప మీద గోనెపట్టా కప్పి, నూకాలమ్మ దాన్ని నెత్తిన పెట్టుకుని ఆస్పత్రి వరండాకు నడిచింది.

"లైటొచ్చేదాకా ఇది నా కాడే ఉంటది. ఎవుడొచ్చి అడుగుతాడో సూత్తాను," అంది వెళ్తూ. అడగడానికి ఎవరూ ధైర్యం చేయలేదు.

మేం పవర్‌హౌస్‌కు తిరిగొచ్చేసరికి పక్షులు గూళ్లకు చేరుతున్నాయి. దాదా ఇంజను ఫ్యూయల్ రాడ్ దగ్గర నిలబడ్డాడు. గవర్నర్‌ను నమ్మలేక, డీజిల్ వదిలే ఆ కడ్డీని చేత్తోనే పట్టుకుంటానన్నాడు. వేడికి చేయి కాలుతుందని చెప్పాను. "జలనే దో," కాలితే కాలనివ్వమని అన్నాడు. కృష్ణారావు ఎయిర్ వాల్వ్ మీద చెయ్యి వేశాడు. నేను బోర్డు ముందు నిలబడ్డాను. దేవుణ్ని తలుచుకున్నానో లేదో నిజంగా గుర్తులేదు.

కృష్ణారావు గాలి వదిలాడు. బుస్సుమంది. ఇంజను బద్ధకంగా ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. గాలి చప్పుడు పల్చబడుతోంది, ఇంజను ఇంకా అందుకోవడం లేదు. దాదా బూతులు తిడుతూ కడ్డీ తోశాడు. ఇంజను సిలిండర్లలో ఒకటి దగ్గింది. తర్వాత ఇంకొకటి. గాలి చప్పుడు పూర్తిగా ఆగిపోయే సమయానికి ఇంజను తన సొంత ఊపిరితో తిరగడం మొదలెట్టింది. కృష్ణారావు గేజి వంక చూసి చెయ్యి తిప్పాడు. సీసాలో ఇక ఏమీ లేదు.

కాసేపు వేడెక్కనిచ్చి, దాదా సైగ చేశాక బ్రేకర్ వేశాను. మీటరు ముల్లు కొంచెం కదిలి ఆగింది. యాభై దగ్గర ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ, అంటే ఇంజను వేగం చెప్పే లెక్క, అక్కడే ఉంది. హమ్మయ్య అనుకుంటుండగానే లోడు ముల్లు ఎగిరింది. ఎక్కడిదో పెద్ద మోటారు ఎక్కింది. ఇంజను కుంగింది, దీపాలు ఎర్రబడ్డాయి. నా చెయ్యి బ్రేకర్ మీదే ఉంది. తీస్తే ఇంజను పరుగెత్తి ఆగిపోతుంది. తీయకపోతే కుంగి ఆగిపోతుంది. "మత్ నికాల్!" తీయొద్దని దాదా అరిచాడు. తీయలేదు. ఆయన కడ్డీని వంటి బరువంతా వేసి నొక్కాడు. ఫ్రీక్వెన్సీ ముల్లు కిందికి, ఇంకా కిందికి పోయి, అక్కడ ఆగి, వెనక్కి రాసాగింది. యాభైకి చేరాకే బ్రేకర్ మీద నుంచి చెయ్యి తీశాను.

ఆ మోటారు ఎవరిదో తర్వాత తెలిసింది. కాలనీ వెనక ఒకాయన స్తంభం మీద తీగ తగిలించుకుని దొంగ కరెంటు వాడుతున్నాడు. ఆ ఇంటికి మీటరే లేదు, ఇక గంపలో వేయడానికి ఫ్యూజెక్కడిది? వచ్చినవాళ్లకు ఏం చూపించాలో తెలియక పాపం తలుపేసుకుని కూర్చుని, లైటు రాగానే మోటారు వేశాడట.

లైనులోకి కరెంటు వెళ్లింది సరే, ఆస్పత్రిలో ఏమైందో మాకు తెలియదు. ఆక్సిజన్ మిషను లాగేది ఎంత, ఒక ఇస్త్రీపెట్టె పాటి కూడా కాదు. అది నడిచినా ఆగినా నా మీటరులో తెలియదు. ఫోను లేదు. ఇంజను వదిలి వెళ్లేందుకు లేదు. దాదా కాలిన అరచేతికి కొబ్బరినూనె రాస్తూ, ముగ్గురం గేటు వైపే చూస్తూ కూర్చున్నాం. ఏదైనా వార్త వస్తే ఆ దారినే రావాలి.

మంగమ్మ భర్త అప్పలరాజు వచ్చాడు. బండి స్టాండు వేయడం కూడా మరిచి, అది పడిపోతుంటే పట్టించుకోకుండా లోపలికొచ్చాడు. అతని ముఖం చూసి నాకేమీ అర్థం కాలేదు. గడప దగ్గర కూలబడి ఏడ్చాడు.

"మిషను తిరగతంది రమణమ్మా," అన్నాడు కాసేపటికి. "సిలిండరు అయిపోయినాక సిస్టరు ఊపిరందించే రబ్బరు బేగు సేత్తో నొక్కతా ఉంది. అప్పుడొచ్చింది లైటు. ఊపిరి ఆడతంది దానికి. కల్లు తెరిసింది."

అప్పుడు ఏడుపు నా వంతయింది.

ఆ రాత్రి ఫ్యూజులు తిరిగివ్వడం కూడా వాటాల పద్ధతిలోనే జరిగిందట. నూకాలమ్మ తల పక్కకు తిప్పుకుని గంపలోంచి ఒకటి తీసేది. ఎవరి గుర్తో వాళ్లు తీసుకెళ్లి పెట్టుకునేవారు. వాళ్ల ట్యాంకు నిండాక ఇంకొకటి. నా బోర్డు మీద ముల్లు ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే చూశాను. లోడును ఇలా మెల్లగా ఎక్కించాలని మాకు ట్రైనింగులో చెబుతారు. ఇంత చక్కగా ఎక్కడం నేనైతే ఎప్పుడూ చూడలేదు.

గాలి తగ్గాక హెలికాప్టర్ వచ్చి మంగమ్మను పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్లింది. బతికింది. ఓడా వచ్చింది, కంప్రెసర్ స్పేరూ వచ్చింది. కొన్ని నెలలకు పైనుంచి ఒక పెద్దాయన వచ్చి, కరెంటు ఉత్పత్తిలో ఎదురయ్యే సమస్యల మీద సిబ్బంది అభిప్రాయాలు కావాలన్నారు. దాదా ఇంజన్ల గురించి, కృష్ణారావు జీతం గురించీ ఉప్పుగాలికి తుప్పుపట్టే లైన్ల గురించీ చెప్పారు. నా వంతు వచ్చినప్పుడు నేను గంప కథ చెప్పాను. ఎంతో గర్వంగా చెప్పాను. ఆయన ముచ్చటపడి, ప్రజల సహకారం అద్భుతం, ఇలాంటివే మనకు కావాలి అన్నారు. మేమూ పొంగిపోయాం. వేరే లైను సంగతి ఆ పొంగులో వెనక్కి పోయింది.

తర్వాత ఒక ఆదివారం బజారుకు వెళ్తే మంగమ్మ తిరిగి తన చోటులో కూర్చుని ఉంది. చిక్కింది గానీ గొంతు పాతదే. పక్కనే నూకాలమ్మ. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. నాకు సంబరమేసి ఆ మాటే అన్నాను. ఆ రోజు ఊరంతా ఎలా కదిలిందో, నీ అదృష్టమే అదృష్టమని ఇంకా ఏదో అనబోయాను.

"అదృష్టమే రమణా. కాదనను," అంది మంగమ్మ కత్తి పక్కన పెట్టి. "కానీ నీకోటి సెప్తాను, కోపం తెచ్చుకోకు. ఇప్పుడు మా ఈదోళ్లు చేపకొచ్చినప్పుడల్లా, నీ కోసరం ఆ రోజు నీల్లు లేకుండా కూకున్నాం అంటారు. నవ్వతానే అంటారు. ముక్క ఎక్కువెయ్యమంటారు. నానేత్తాను. ఎయ్యకపోతే ఎలాగ? చిన్నారావు ఐసు కరిగిపోయిందని ఆయన పెల్లాం నా మొకం సూడదు. ఎవులికి ఎంత మొక్కాలో నాకు తెల్దు. జొరమొస్తే ఆస్పత్రికి పోనాను. ఆస్పత్రిలో కరెంటుండడం నాకు ఊరోళ్లు సేసిన దయ ఎందుకవ్వాల?"

చేపల వాసనలో, ఆ సందడిలో, చేతిలో సంచీ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆ రోజు ఊరివాళ్లు చేసింది గొప్ప పనే, అందులో అనుమానం లేదు. కానీ మేం దాన్ని మా ఘనతగా చెప్పుకున్నాం. మా ఇంజన్లు మూలపడితే జనం మంచితనాన్ని ఇంకో ఇంజనులా తిప్పుకున్నాం. దాని అరుగుదలంతా ఒక చేపలమ్మే మనిషి మీద పడుతోందని ఎవరం గమనించలేదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి మీ సమస్యలేమిటని అడిగితే గంప కథ చెప్పను. ఆస్పత్రికి వేరే లైను ఎప్పుడు వేస్తారని అడుగుతాను. వాళ్లు వేరే విషయంలోకి వెళ్లబోతే మళ్లీ అదే అడుగుతాను. ఇంకా వేయలేదు.

ఆ ఆదివారం మంగమ్మ నాకు చేప తూచి, నేను అడక్కుండానే ఇంకో పెద్ద ముక్క తీసి ఆకులో వేసింది. నేను ఆ ముక్క తీసి ఆవిడ గంపలో పెట్టేశాను. ఆవిడ నా వంక చూసింది. మొహమాటానికైనా తీసుకోమని అనలేదు. ముక్క మీద తడి గుడ్డ కప్పుకుంది.